ముక్కులో కాపురం

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పొద్దున పసిపిల్లల వార్డులో అందరూ ఎవరి ముక్కులు వాళ్ళు తడుముకున్నారు. ముగ్గురు పిల్లలకి తొడల మడతల్లోనూ చంకల్లోనూ చీముపొక్కులు లేచాయి. మొదట ఒకరికి లేచినప్పుడు చెమటకాయలులే అనుకున్నారు. ముగ్గురయ్యేసరికి హెడ్ సిస్టరు కింది అంతస్తుకి కబురు పెట్టింది. ఆ పొక్కుల పురుగు ఎవరి ముక్కులో ఉందో చూడడానికి ల్యాబ్ డాక్టరమ్మ దూది చుట్టిన పుల్లల కట్ట పట్టుకుని పైకొచ్చింది.

"భయపడకండి, మెదడు దాకా పోనివ్వను. ముక్కు గుమ్మంలోనే ఒక తిప్పు తిప్పి తీసేస్తాను," అంది.

సిస్టర్లు వరసలో నిలబడ్డారు. వరస చివర ఆయమ్మ. ఎడమచెయ్యి మడతలో దొరగారు, కుడిచేతిలో పాలసీసా.

దొరగారంటే ఆ వార్డులో అందరికన్నా పాతకాపు. తక్కిన పిల్లలు రెండు మూడు రోజులుండి తల్లుల ఒళ్ళో ఇళ్ళకి పోతారు. వీడిని కన్నామె మర్నాడే కాగితాల మీద సంతకాలు పెట్టి, వీడి వంక చూడకుండా వెళ్ళిపోయింది. పెంచుకునేవాళ్ళ వ్యవహారం తెమిలేదాకా వీడి మకాం ఇక్కడే. పేరు వాళ్ళే పెట్టుకుంటారని ఎవరూ పెట్టలేదు. పాలు కాస్త ఆలస్యమైతే కనుబొమలు ముడిచి, పెదవి విరిచి, నౌకర్ల మీద చిరాకుపడ్డట్టు చూస్తాడని ఆయమ్మ ఒకరోజు దొరగారని పిలిచింది. అదే ఖాయమైపోయింది.

నర్సులకి సూదులూ మందులూ ఉంటాయి. తక్కిన పిల్లలకి తల్లులుంటారు. ఆయమ్మకి ఎప్పుడూ ఒక చెయ్యి ఖాళీగా ఉండేది, అందులో వీడుండేవాడు. సీసాలు ఉడికే గిన్నె దగ్గర నిలబడ్డా, గుడ్డలు మడత పెడుతున్నా, తొట్ల కాళ్ళు తుడుస్తున్నా వీడు ఆమె మోచేతి మడతలోనో భుజం మీదో ఉండాల్సిందే. తేన్పు కోసం భుజానికెత్తుకుంటే ముక్కు తెచ్చి ఆమె మెడవంపులో పెట్టి రుద్దేవాడు. అప్పుడు ఆయమ్మకి వెన్నులోంచి ఏదో జారిపోయేది. ఎంతమంది పిల్లల్ని ఎత్తుకున్నా అది ఇంకెవరి దగ్గరా జారలేదు.

"ఆయమ్మా, తలెత్తండి," అంది డాక్టరమ్మ.

"దొరగారి భోజనం మధ్యలో ఉందమ్మా."

"మీ ముక్కుతో తినడం లేదుగా ఆయన?"

అందరూ నవ్వారు. ఆయమ్మ తలెత్తింది. పుల్ల చల్లగా ఒక చుట్టు తిరిగి బయటికొచ్చింది. పిల్లలందరివీ తీస్తోంది గనక డాక్టరమ్మ ఇంకో సన్నపుల్ల తీసి దొరగారి ముక్కు అంచున కూడా తాకించింది. వాడు సీసా వదిలేసి, ఇంతమందిలో తనకి జరిగిన అవమానానికి గుక్కపట్టి ఏడ్చాడు. ఆయమ్మ "అయ్యో అయ్యో, ఎంత మాట, దొరగారినే!" అంటూ వాడిని అటూ ఇటూ ఊపుతూ కిటికీ దగ్గరికి తీసుకుపోయింది.

రెండు రోజులయ్యాక హెడ్ సిస్టరు ఆమెని తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. అందరి ముందూ కేకలేసే మనిషి తలుపు వేసిందంటే సంగతి పెద్దదే.

"నీ ముక్కులో ఉంది."

"ఏమిటమ్మా?"

"పొక్కుల పురుగు. పిల్లల చీములో ఏది పెరిగిందో నీ ముక్కులోనూ అదే పెరిగింది. ఇవాళ్టి నుంచి నువ్వు బట్టలగదిలో చెయ్యి. ఈ మందు పొద్దునా సాయంత్రం ముక్కులో రాసుకో. ఒంటికి ఈ సబ్బు. మీ ఆయనకి కూడా రాయి. మళ్ళీ పరీక్ష చేసి పోయిందని చెప్పేదాకా వార్డు గుమ్మం తొక్కకు."

ఆయమ్మ చేతులు చూసుకుంది. పొద్దున్నించి ఎన్నోసార్లు కడిగిన చేతులు, వేళ్ళ చివర్లు నాని ముడతలు పడి ఉన్నాయి.

"నా ఒక్కదానికేనా అమ్మా?"

హెడ్ సిస్టరు బల్ల మీది కలం మూత తీసి మళ్ళీ పెట్టింది. "నర్సుల్ని పంపించేస్తే సూదులు నువ్వేస్తావా?"

జవాబు అందులోనే ఉంది. ఇంకొకళ్ళకీ ఉంది, వాళ్ళు లేకపోతే వార్డు నడవదు, ఆయమ్మ లేకపోతే నడుస్తుంది. ఆ మాట అర్థమయినకొద్దీ ఆయమ్మ చెవులు వేడెక్కాయి.

"మరి దొరగారో?"

"పక్క వార్డు ఆయా చూస్తుంది. వాడికోసం నువ్వేం బెంగపడకు. కాగితాలు పూర్తయ్యాయి, ఆదివారం వాళ్ళొచ్చి తీసుకెళ్తారు."

"ఆదివారం లోపల నా పరీక్ష అవుతుందా?"

"మందు పూర్తయ్యాక కదా. సోమవారం చూద్దాం," అంది హెడ్ సిస్టరు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు తగ్గింది. చెడ్డమనిషి కాదు, కోపం ముక్కు మీదుంటుందంతే. కానీ మంచితనంతో సోమవారం ఆదివారం కాదు. ఆయమ్మ మందు ట్యూబు కొంగులో ముడేసుకుని, వార్డు వైపు తిరగకుండా మెట్లు దిగింది.

బట్టలగది కింది అంతస్తు చివర్లో ఉంది. ఒక గోడకి ఆవిరిపెట్టె, ఇంకో గోడకి అరలు, మధ్యలో పొడుగుబల్ల. ఉతికి వచ్చిన చదరపు గుడ్డల్ని దులిపి, నాలుగు మూలలూ కలిపి, అరచేత్తో సాగదీసి మడత పెట్టి, డబ్బాలో పేర్చి ఆవిరిపెట్టెలో పెట్టాలి. పని కష్టమేమీ కాదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, అదే కష్టం. ఆయమ్మ ఎడమచెయ్యి పొద్దుట్నుంచీ తనంతట తనే మడతపడుతోంది. ఆమె దాన్ని తిన్నగా చేసి బల్ల మీద పెట్టేది. కాసేపటికి మళ్ళీ మడతపడేది.

దొరగారి తొడలు సన్నం. మామూలు మడత వేస్తే గుడ్డ జారిపోయి పక్కంతా తడుస్తుంది. వాడికోసం ఆమె ఒక మూల లోపలికి దోపి చిన్నగా మడతపెట్టేది. ఇప్పుడూ అలాగే ఓ పది గుడ్డలు వేరుగా మడిచి డబ్బాలో అన్నిటికన్నా పైన పెట్టింది. డబ్బా తీసుకెళ్ళి వార్డు తలుపు దగ్గర పెడితే ఒక నర్సు వచ్చింది. నిన్నటిదాకా ఆయమ్మ చేతి టీ కోసం వెంటపడిన పిల్లే. ఇప్పుడు డబ్బా పిడిని రెండు వేళ్ళతో పట్టుకుంది.

"పైనున్నవి దొరగారివి తల్లీ, చిన్న మడత."

"సరే ఆయమ్మా, సరే," అని ఆ నర్సు మోకాలితో తలుపు తోసుకుని లోపలికి పోయింది. తలుపుకున్న అద్దంలోంచి చూస్తూ ఉండగానే ఆ పైగుడ్డ తీసి గుమ్మానికి దగ్గరగా ఉన్న బొద్దుపిల్లకి చుట్టింది. అది ఆ పిల్లకి సరిపోక, నర్సు విసుక్కుని ఇంకోటి తీసింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. హెడ్ సిస్టరు తలుపు వేసి చెప్పిన మాట సాయంత్రానికి ఆసుపత్రి దాటి ఆయమ్మ ఉండే వీధి కుళాయి దాకా వచ్చింది. నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళలో ఒకావిడ ఆయమ్మ బిందె పెట్టగానే తన చంటిదాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది, ఆయమ్మ కూడా ఏదో అనేది.

ఇంట్లో ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ముందుగదిలో బల్ల, బల్ల మీద దీపం, కంటికి భూతద్దం. ఆయమ్మ రావడంతోనే వంటింట్లోకి పోయి తన కంచం, తన గ్లాసు వేరే గూట్లో పెట్టింది. చాప తెచ్చి ముందుగదిలో వేసింది.

"ఏమే, నామీద అలిగావా, గడియారాల మీదా?" అన్నాడు ఆయన.

"దూరంగా ఉండు. నాకు పురుగుందట."

"ఎక్కడ?"

"ముక్కులో."

ఆయన లేచి వచ్చి, భూతద్దం కంటికి బిగించి, ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తి ముక్కులోకి చూశాడు. "ఏదీ, ఎవరూ కనబడరే. కాపురం పెట్టినవాళ్ళు ఊరెళ్ళారేమో."

"నీకు వేళాకోళంగా ఉందా!"

"లేకపోతే ఏమిటే? ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. మనది ముప్పై ఏళ్ళ సావాసం. నీ ముక్కులో ఉన్నవాళ్ళు నా ముక్కులో చుట్టరికాలు కలుపుకోకుండా ఉంటారా? ఇప్పుడు చాప అక్కడేస్తే పోతుందా?"

ఆయమ్మ చాప మీద కూలబడింది. "ఎంతమందిని ఎత్తుకున్నానయ్యా ఈ చేతులతో! అందరికీ అంటించానా? ఆ ముగ్గురు పసివాళ్ళకీ నేనే అంటించానా?" అని ఏడ్చింది. ఆయన భూతద్దం తీసి జేబులో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. పిల్లల మాట వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఇద్దరూ మాటలు ఆపేసి దగ్గరగా కూర్చోవడం అలవాటు. ఇవాళ ఆమె జరిగి కూర్చుంది. ఆయన కూడా జరిగాడు. గోడ వచ్చింది, ఇక జరగడానికి చోటు లేదు.

"తీసుకురా ఆ మందు," అన్నాడు చివరికి. "ముందు నాకు రాయి."

అలా మొదలైంది. పొద్దునా సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని, ఒకరికొకరు ముక్కుల్లో జిడ్డుమందు రాసుకుని, ముక్కు రెక్కలు నొక్కి వదిలేవారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే అని ఆయన నవ్వేవాడు. ఆయమ్మ ఎర్రసబ్బుతో ఒళ్ళు తోముకునేది, చర్మం చిటపటలాడేది. భుజం మీద ఎప్పుడూ అంటిపెట్టుకునుండే పాలవాసన ఆ సబ్బుతో పోయింది. రోజుకోసారి భుజం దగ్గర రవిక లాక్కుని వాసన చూసుకునేది. మందు వాసన తప్ప ఏమీ తెలిసేది కాదు. వాడు ఎలా ఉండేవాడో ఒళ్ళు మరిచిపోతుందేమోనని ఆమెకి భయం వేసింది.

గురువారం మధ్యాహ్నం డబ్బా పెట్టడానికి వెళ్ళినప్పుడు వార్డులోంచి ఏడుపు వినిపించింది. ఏ ఏడుపు ఎవరిదో ఆయమ్మకి చెప్పక్కర్లేదు. ఇది దొరగారిది. మొదట రెండు ముక్కల్లో ఆజ్ఞ, తరవాత ఒక నిశ్శబ్దం, తరవాత సాగదీసిన ఫిర్యాదు. ఆమె అద్దానికి నుదురు ఆనించింది. పక్క వార్డు ఆయా వచ్చి సీసా నోట్లో పెట్టి, మడిచిన గుడ్డ ఒకటి సీసా కింద ఎత్తు పెట్టి, పక్కతొట్టి దగ్గరికి పోయింది. చెడ్డది కాదు, చేతిలో ఇంకో పిల్ల ఉంది. వాడు గుటకలు వేస్తున్నాడు. పాలు పెదవి పక్కనించి కారుతున్నాయి. కాసేపటికి వాడి గుటక తప్పింది. దగ్గాడు. పాలు ముక్కులోంచి వచ్చాయి. మళ్ళీ దగ్గబోయాడు, దగ్గు రాలేదు.

ఆయమ్మ చెయ్యి తలుపు పిడి మీద పడింది. పట్టుకుంది, తిప్పలేదు. రెండో అరచేత్తో అద్దాన్ని దబదబా బాదింది. "లేపండి! దొరగారిని లేపండి! బోర్లా తిప్పండే అమ్మా!"

నర్సు పరుగెత్తుకొచ్చి వాడిని బోర్లా తిప్పి వీపు మీద తట్టింది. పాలముద్ద పడింది. తరవాత ఏడుపు వచ్చింది. అంత తియ్యటి ఏడుపు ఆయమ్మ ఎప్పుడూ వినలేదు. అప్పటికి హెడ్ సిస్టరు గదిలోంచి వచ్చి అద్దానికి అవతల నిలబడి ఉంది. ఆయమ్మ పిడి మీద ఉన్న చెయ్యిని చూసింది. తలుపు వేసే ఉందని కూడా చూసింది.

"వెళ్ళు," అంది తలుపు కొంచెం తెరిచి.

"తల కొంచెం ఎత్తులో పెట్టాలమ్మా వాడికి. మధ్యలో రెండుసార్లు ఆపాలి. సీసా అలా నిలబెట్టి పోతే..."

"నేను చూసుకుంటాను. వెళ్ళు." తలుపు మూసుకుంది. ఆయమ్మ మెట్ల దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, హెడ్ సిస్టరే కుర్చీ లాక్కుని కూర్చుని, వాడిని ఒళ్ళోకి తీసుకుని సీసా పట్టుకుని ఉంది. నేర్పుగానే పట్టుకుంది. వాడు తాగుతున్నాడు. ఎవరు పట్టుకున్నా తాగుతాడు కదా, పసివాడు! అందుకు సంతోషించాలని ఆయమ్మకి తెలుసు. బట్టలగదిలోకి పోయి గుడ్డలన్నీ విప్పి మళ్ళీ మడత పెట్టింది.

మందు శుక్రవారం సాయంత్రంతో అయిపోయింది. శనివారం పొద్దున్నే ఆయమ్మ ల్యాబ్ గుమ్మం ముందు నిలబడింది.

"సోమవారం కదా మీది?" అంది డాక్టరమ్మ చెప్పులు విప్పుతూ.

"రేపు వాడిని తీసుకెళ్ళిపోతారమ్మా. ఇవాళే చూడండి. ఒక్కసారి ఎత్తుకుంటాను. ఎత్తుకుని ఇచ్చేస్తాను."

"ఇవాళ పుల్ల పెడితే పెరిగిందీ లేనిదీ రేపు పొద్దుటికిగానీ తెలీదు. రేపు ల్యాబ్‌కి సెలవు." అని, ఆయమ్మ మొహం చూసి, "సరే, రండి. నేనొచ్చి చూస్తాలెండి. ఇంట్లో ఉంటే మా అత్తగారు మెంతులు ఏరమంటుంది," అంది.

ఆదివారం పొద్దున ల్యాబ్‌లో ఇద్దరే ఉన్నారు. డాక్టరమ్మ బల్ల మీద గాజుమూతల గుండ్రటి పళ్ళేలు వరసగా పెట్టింది. ఒకదాని మూత తీసి చూపించింది. ఎర్రటి జావలాంటి దాని మీద ఏమీ లేదు.

"ఇది మీది. నిన్నటిది. ఏమీ మొలవలేదు. మీరు పైకి వెళ్ళొచ్చు."

ఆయమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే లేచి పరుగెత్తేదే. డాక్టరమ్మ ఆపింది.

"ఆగండి, ఇంకో మాట చెప్పాలి. నేనే పైకొచ్చి చెబుదామనుకున్నాను. పిల్లల పొక్కులు మీ వల్ల కాదు."

రెండు పళ్ళేలు ముందుకు జరిపింది. రెండిటి మీదా బంగారురంగు చుక్కలు, ఆవగింజల్లా. "ఇది పొక్కుల్లోది. ఇది మీ ముక్కులో ముందు తీసింది. పైకి ఒకటే. మొదటిరోజు అందుకే అదే అనుకున్నాం. తరవాత ఏ మందుకి ఏది లొంగుతుందో, లోపలి తీరేమిటో అన్నీ పోల్చి చూశాను. ఇంటిపేరు ఒకటే గానీ కుటుంబాలు వేరు. పొక్కులది పిల్లల్ని తూచే తక్కెడ మీద వేసే దిండులో దొరికింది. పైన రెగ్జిన్ చిరిగి లోపల స్పాంజిలో చేరింది. నిన్న సాయంత్రమే హెడ్ సిస్టరుకి చెప్పాను, ఆవిడ దాన్ని తీయించేశారు."

"మరి నా ముక్కులోది?"

"అది మామూలుగా ఉండేదేనండీ. మనిషి ఒంటి మీద, లోపల, ఇలాంటివి ఎన్ని కోట్లు బతుకుతుంటాయో. పరీక్ష చేసినవాళ్ళలో మూడోవంతు మందికి ఉంది. నాకూ ఉంది."

ఆయమ్మ చాలాసేపు ఆ చుక్కల్ని చూసింది. "మరి నన్నొక్కదాన్నే ఎందుకమ్మా తీసేశారు?"

"అది ల్యాబ్‌లో తేలే విషయం కాదు ఆయమ్మా," అంది డాక్టరమ్మ. తరవాత, నవ్వించాలని కాబోలు, ఇంకో పళ్ళెం తీసి ఆయమ్మ పళ్ళెం పక్కనే పెట్టింది. "ఇది చూడండి. ఇదెవరిదో చెప్పుకోండి."

అవే ఆవగింజలు. అదే బంగారురంగు.

"నాదేగా?"

"మీ దొరగారిది. పోల్చి చూస్తే అణుమాత్రం తేడా లేదు, అచ్చం మీదే. పుట్టేటప్పుడు పిల్లలు ఒట్టి ఇల్లులాంటివాళ్ళు. ఎవరు ఎక్కువ ఎత్తుకుంటే వాళ్ళవి వచ్చి కాపురం పెడతాయి. తల్లీబిడ్డల్లో మామూలుగా చూస్తుంటాం ఇలాంటిది." మాట పూర్తయ్యాక డాక్టరమ్మ నాలిక కరుచుకుంది. ఆయమ్మ మొహంలోకి చూడకుండా మూతలు సర్దింది. "ఇంకోటి. వాడినీ అదే తక్కెడ మీద రోజూ తూచారు. మిగతావాళ్ళలో ముగ్గురికి పొక్కులొచ్చాయి, వాడికి ఒక్కటి కూడా లేదు. మీవాళ్ళు ముందే వచ్చి కూర్చుంటే తరవాత వచ్చినదానికి చోటు దొరకలేదేమో. ఒట్టేసి చెప్పలేను. కానీ అలా జరుగుతుందని మేం చదువుకున్నాం."

ఆయమ్మ వేలు చాచింది. గాజు మీద, ఆ చుక్కల పైన, తాకీ తాకనట్టు పెట్టింది. వాడికి ఎవరి కళ్ళూ లేవు, ఎవరి పోలికా తెలీదు, ఎవరి పేరూ లేదు. ఇన్నాళ్ళూ వాడిని చూసి అదే అనుకునేది. తన సంగతీ అంతే, తన పోలిక ఎక్కడా లేదు.

"ఇది వాడి దగ్గర ఎన్నాళ్ళుంటుందమ్మా?"

"చెప్పలేం. ఒక్కోసారి కొన్ని నెలలు. ఒక్కోసారి ఏళ్ళ తరబడి."

"నాకు మళ్ళీ వస్తుందా?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "వచ్చి తగలడిందేమిటని అడిగేవాళ్ళనే చూశాను. మళ్ళీ వస్తుందా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు!" ఆయమ్మ నవ్వలేదని చూసి ఆమె కూడా ఆపేసింది.

వార్డు గుమ్మంలో హెడ్ సిస్టరు ఎదురైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "త్వరగా చేతులు కడుక్కుని రా," అంది హెడ్ సిస్టరు పక్కకి తిరిగి. "పొద్దున్నించి దొరగారు ఎవరు పట్టుకున్నా అరుస్తున్నారు." ఆవిడ నోట దొరగారన్న మాట ఆయమ్మ అంతకుముందు వినలేదు. ఆవిడ క్షమాపణ అంతకన్నా పొడుగ్గా ఉండదని ఆయమ్మకి తెలుసు. మోచేతుల దాకా కడుక్కుంది, గోళ్ళ కింద కూడా.

కానీ పెంచుకునేవాళ్ళు ముందే వచ్చేశారు. తొట్టి దగ్గర ముక్కూ మొహం తెలియని మనుషులిద్దరు. అందులో భార్యకైతే ముక్కూ మొహం కనిపించను కూడా లేదు, కళ్ళ కింద నుంచి గడ్డం దాకా మాస్కు. చేతిలో చేతులకి రాసుకునే మందుసీసా. అప్పుడే రాసుకుని, ఆరబెట్టుకుని, మళ్ళీ రాసుకుంటోంది.

"అయ్యగారు సంతకాలకి రావాలి," అని హెడ్ సిస్టరు ఆయన్ని పిలిచింది. వెళుతూ వెళుతూ జేబులోంచి ట్యూబు తీసి ఆమె సంచిలో వేసింది. "వీడి ముక్కులో చిన్న పురుగుంది. అక్కర్లేదని డాక్టరంటారు గానీ, ఎందుకైనా మంచిది, ఐదు రోజులు రాయండి. పోతుంది."

గదిలో ఇద్దరే మిగిలారు, తొట్లోవాళ్ళు కాక. దొరగారు కళ్ళు తెరిచి పైకప్పు వంక చిరాగ్గా చూస్తున్నాడు.

"నేను తాకొచ్చా?" అందామె.

"మీవాడేనమ్మా."

ఆమె వాడిని ఎత్తింది. పొయ్యి మీది గిన్నెని దించినట్టు దూరంగా పట్టుకుంది. వాడి కాళ్ళు వేలాడాయి, గడ్డం వణికింది. ఆమె కళ్ళు అప్పటికే నీళ్ళతో నిండిపోయి ఉన్నాయి. "చాలా చదివానండీ. పిల్లల మొహానికి మొహం తగలనివ్వకూడదని, మన ఊపిరి కూడా... ఇప్పుడేమో ఆవిడ పురుగంటున్నారు. ఏం పురుగండీ అది? ఆ మందు రాయాలా? మీరు వీడిని చూసుకున్నారట కదా. మీరైతే రాస్తారా?"

ఆయమ్మ నోరు తెరిచింది. చెప్పాల్సిన మాటలన్నీ డాక్టరమ్మ ఇప్పుడే చెప్పి పంపింది. అక్కర్లేదు, మంచిదే, పొక్కులు కూడా రానివ్వలేదేమో. అన్నీ నిజాలే. కానీ అవి చెప్పాలన్న ఆత్రం ఎంతగా ఉందంటే, ఆ ఆత్రం చూసి ఆమెకే తన మీద నమ్మకం పోయింది.

"నన్నడక్కండమ్మా," అంది. "అది నాది."

"ఏది?"

"వాడి ముక్కులో ఉన్నది. నా ముక్కులోంచి వెళ్ళింది. నాది మందు రాసి తీసేశారు. మా ఇంటాయనది కూడా. ఇప్పుడది వాడి దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. వాడికి దానివల్ల ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పింది, ఆమెని అడగండి. నన్ను మాత్రం అడక్కండి. ఉంచమనే చెబుతాను నేను. వాడికోసం చెబుతున్నానో నాకోసం చెబుతున్నానో నాకే తెలీదు."

బయట సంతకాల గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. దొరగారు పెదవి విరిచి, ఆజ్ఞ జారీ చెయ్యబోయే ముందు పట్టే ఊపిరి పట్టాడు.

"తల కింద చెయ్యి పెట్టండి," అంది ఆయమ్మ. "దగ్గరికి. ఇంకా. భుజం మీదికి ఎత్తుకోండి, జారిపోతాడేమోనని భయపడకండి, గట్టివాడే."

ఆమె ఒక చేత్తో మాస్కు చెవిమీది దారం తీసింది. అది ఒక చెవికి వేలాడింది. ఆయమ్మ అనుకున్నంత చిన్నవయసుదేమీ కాదు, నోటి పక్కన గీతలున్నాయి. చాలా ఏళ్ళు ఎదురుచూసిన మనిషి. వాడిని భుజానికెత్తుకుంది. వాడు ముక్కుతో ఆమె మెడ మీద అటూ ఇటూ వెతికి, దవడ దాకా పాకి, అక్కడ ఆగి, మొహం మీదే ఫటాలున తుమ్మాడు.

అలవాటుకొద్దీ ఆయమ్మ చేతిలో గుడ్డ ముందుకు వచ్చింది. ఆమె తల అడ్డంగా ఊపింది. తుడుచుకోలేదు. తడిమొహంతో నవ్వుతూ, ఏడుస్తూ, వాడి ముక్కుని తన ముక్కుతో తాకింది. మళ్ళీ తాకింది. ఆయమ్మ ముందుకు చాచిన గుడ్డని మడిచి కొంగులో దోపుకుంది. ఇంక అది ఆ ఇంటికి పోయింది. ముగ్గురూ కలిసే వెళతారు.

"రా, కారొచ్చింది," అని గుమ్మం దగ్గర ఆయన పిలిచాడు.

"ఒక్క నిమిషం. సంచి సర్దుకుంటాను." ఆమె వాడిని తీసి ఆయమ్మ చేతుల్లో పెట్టింది. అటు తిరిగి, ఎప్పుడో సర్దేసిన సంచి జిప్పు తీసింది. వేసింది. మళ్ళీ తీసింది. ఇటు తిరగనే లేదు.

ఆయమ్మ ఎడమచెయ్యి తనంతట తనే మడతపడింది. వాడు అందులోకి ఎప్పటిలాగే ఒదిగాడు, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావన్నట్టు కనుబొమలు ముడిచాడు. ఆయమ్మ తలవంచి, ముక్కు వాడి ముక్కుకి ఆనించి, కళ్ళు మూసుకుని ఊపిరి లోపలికి తీసుకుంది.

వాళ్ళు వెళ్ళిపోయాక కిటికీ దగ్గరికి పోలేదు. మూడో తొట్లో పిల్ల లేచి ఏడుస్తోంది. ముందు చేతులు కడుక్కోవాలి. పిల్లల్ని ముట్టుకునే ముందు చేతులు శుభ్రంగా కడుక్కోమని కుళాయి మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆయమ్మ మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంది. ముక్కు గురించి అక్కడ ఏమీ రాసి లేదు.